నాయనకు పుండ్లు పడలేదు

ఆత్మకూరులో బస్సు దిగి అత్త ఇంటికి చేరేసరికి నాయన గోంగూర పచ్చడి కలుపుకుని అన్నం తింటున్నాడు. గొంతుకు రేడియేషన్ పెట్టించుకుంటూ నాలుగో వారంలో ఉన్న మనిషి. ఈపాటికి మంచినీళ్లు మింగాలన్నా కళ్లెంట నీళ్లు రావాలి. పుండ్లు పడిన నోరూ, కమిలిపోయిన మెడా చూడాల్సొస్తుందని మనసు రాయి చేసుకుని తిరుపతి నుంచి బయల్దేరాను. ఆయనేమో ఎర్రగడ్డ ముక్క కొరుక్కుంటూ, "దా పాపా, కాళ్లు కడుక్కోని రా, అన్నం తిందువు," అన్నాడు.

"చూసినావా మీ నాయన్ని," అంది రేణుకాదేవి అత్త, ఇంకో గరిటె అన్నం వడ్డిస్తూ. "కరెంటు పెడతా ఉండారంటే ఎవురన్నా నమ్ముతారా?"

రేడియేషన్‌ను అత్త కరెంటనే అంటుంది. వీధి వీధంతా ఇదే మాట, మల్లికార్జున సారు చెక్కుచెదరలేదని. దిష్టి తగులుతుందని అత్త సాయంత్రం పూట ఉప్పు తిప్పి పోస్తోంది. ఇంతమంది సంతోషపడుతుంటే నాకొక్కదానికే భయం పట్టుకుంది. లిఖిత నవ్వితే వాన పడుతుందని మా ల్యాబులో సామెత, కాబట్టి నా మొహం చూసి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

నాయన ఉదయగిరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. ఆయన కేకేస్తే దుర్గం కొండ మీద మేకలు కూడా వరసలో నిలబడతాయని పిల్లలు చెప్పుకుంటారు. ఎడ్ల బండలాగుడు పోటీలు ఎక్కడ జరిగినా మైకు ఆయనదే. వింజమూరు, కొండాపురం నుంచి కారు పంపి మరీ తీసుకుపోయేవాళ్లు. ఆ గొంతు పోయినేడు బొంగురుపోయింది. జలుబన్నారు, దుమ్మన్నారు, మిరియాల కషాయం తాగించారు. చివరికి నెల్లూరులో గొట్టం వేసి చూస్తే స్వరపేటిక మీద గడ్డ. డాక్టరు దాచిపెట్టకుండా చెప్పాడు. రేడియేషన్‌కూ వారం వారం ఎక్కించే మందుకూ గడ్డ కరిగితే గొంతు నిలుస్తుంది. కరగకపోతే ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి. మనిషి బతుకుతాడు, మాట ఉండదు.

ఉదయగిరి నుంచి రోజూ నెల్లూరు పోయి రావడం జబ్బుమనిషికి కాని పని. అందుకే ఆత్మకూరులో చెల్లెలి ఇంట్లో దిగాడు. ఆయన దగ్గర చదువుకున్న షానవాజ్ తన కారులో రోజూ తీసుకుపోయి తీసుకొస్తున్నాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచిందీ అత్తే, ఇప్పుడు ఆయన్ని చూసుకుంటున్నదీ అత్తే. ఇంట్లో నేను అరవగలిగేంత చనువున్న మనిషీ, అరవకూడని మనిషీ ఆవిడే.

నా భయానికి కారణం నా చదువు. తిరుపతి ల్యాబులో నేను గాజు పళ్లాల్లో క్యాన్సర్ కణాలు పెంచి, వాటిమీద పెరాక్సైడ్ చుక్కలు వేసి ఏం జరుగుతుందో చూస్తుంటాను. కణం లోపల ఆక్సిజన్ నిప్పురవ్వల్లాగా మారి దొరికినదాన్నల్లా కాలుస్తుంది. దీన్నే పుస్తకాల్లో ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. రేడియేషన్ గడ్డను చంపేది చాలావరకు ఈ రవ్వలతోనే. కానీ కణం చేతులు కట్టుకుని కూర్చోదు. దాంట్లో ఒక ప్రోటీను మామూలప్పుడు కట్టేసి ఉంటుంది. రవ్వ తగిలితే కట్టు వదులై, అది కేంద్రకంలోకి పోయి, అప్పటిదాకా నిద్రపోతున్న జన్యువుల్ని తట్టి లేపుతుంది. అవి లేస్తే మంట ఆర్పే సరుకంతా కణం సొంతంగా తయారుచేసుకుంటుంది. మంచి కణానికి ఇది ప్రాణరక్ష. క్యాన్సర్ కణానికీ ప్రాణరక్షే, వచ్చిన చిక్కల్లా అదే. నా పళ్లాల్లో ఆ జన్యువులు మేలుకుని ఉన్న కణాలు ఎంత రేడియేషన్ పెట్టినా మొండికేసి బతికేవి.

నాయన నోట్లో మంట లేదంటే దాన్ని ఎవరో ఆర్పుతున్నారేమో అనిపించింది. మంచి కణాల దగ్గర ఆరిన మంట గడ్డ దగ్గర మాత్రం ఎందుకు మండుతుంది? కొందరికి పుండ్లు ఆలస్యంగా పడతాయనీ తెలుసు. నాయన ఆ కొందరిలో ఒకడు కావాలని మొక్కుకున్నాను, నేను మొక్కుకోవడమే విడ్డూరం.

మర్నాడు ముగ్గురం నెల్లూరు వెళ్లాం. డాక్టరు ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈ వారానికి ఇంకా తగ్గి ఉండాలి. దాదాపు అట్లాగే ఉంది," అన్నాడు. "చివరిదాకా చూద్దాం. కరగకపోతే మాత్రం ఆపరేషన్‌కు సిద్ధంగా ఉండాలి."

నాయన చెయ్యి తనకు తెలియకుండానే గొంతు మీదికి పోయింది. 

"బయటి మందులేమన్నా వాడుతున్నారా? నాటుమందు, ఆయుర్వేదం, ఇంకేమన్నా?"

"లేదు సార్," అంది అత్త. డాక్టరు మాట పూర్తి కాకముందే అంది. నాయన నేలచూపులు చూశాడు.

ఆ సాయంత్రం అత్త నాయనకు రాగిజావ తెచ్చింది. వేడిగా ఉంది, చల్లార్చి ఇద్దామని గ్లాసు నేను తీసుకుని ఒక గుక్క తాగి చూశాను. రాగిజావ పసుప్పచ్చగా ఉండదు. నాలుక చివర చేదుగా తగిలింది. అత్త వచ్చి గ్లాసు లాక్కున్నంత పని చేసింది. "అది మీ నాయనది. నీకు వేరే పోస్తా," అంది.

వంటింట్లోకి పోయి డబ్బాలన్నీ దించాను. ఊరగాయ జాడీల వెనక ఆకుపచ్చ డబ్బా దొరికింది. మూత మీద పరిగెత్తుతున్న మనిషి బొమ్మ. టీ ఆకు సారం, పసుపు సారం, ద్రాక్షగింజల సారం, విటమిన్ ఇ, సెలీనియం. మంటలార్పే సరుకు ఎంత ఉందో అంతా ఒకే మాత్రలో కుక్కి పెట్టారు. చదువుతుంటే నా ఒళ్లు మండిపోయింది.

"ఎన్నాళ్లనుంచి ఇస్తున్నావత్తా?"

"మొదటిరోజునుంచి. పొడి కొట్టి జావలో కలిపిస్తా ఉండా. పక్క వీధి కామయ్య తెచ్చిస్తా ఉండాడు. ఏం, మంచిది కాదా?"

"డాక్టరు అడిగితే లేదన్నావే!"

"మందులేమన్నా వాడతా ఉండారా అని అడిగినాడు. ఇది మందు కాదు, తిండి. డబ్బా మీదే రాసుండాది చూడు. తిండి గురించి ఆయన అడగలా, నేను చెప్పలా."

ఆవిడ అబద్ధమాడలేదు, అదే నా ఖర్మ. మా వైపు చుట్టం జబ్బుపడితే హార్లిక్సు సీసా మొదలు తాటిబెల్లం దాకా బలానికి ఏది తెచ్చినా అది తిండి కిందే లెక్క, దాన్ని డాక్టరుకు ఎవరూ చెప్పరు. నేను మాత్రం ఆ క్షణంలో ఇవేవీ ఆలోచించలేదు. "నీ చేత్తో గడ్డకు గోరుముద్దలు పెడుతున్నావు. నాయన గొంతు పోతే అది నీవల్లే," అనేశాను.

అత్త మొహం పాలిపోయింది. కానీ తగ్గలేదు.

"నా మొగుణ్ణి, మీ రాజమోహన్ మామని ఏది చంపినాదో తెలుసా నీకు? జబ్బు కాదు. ఆకలి. ఆయనకీ ఇదే గొంతు, ఇదే కరెంటు. గుక్కెడు గంజి దిగక, చూస్తా ఉండంగానే కట్టెపుల్ల మాదిరి అయిపోయినాడు. మా అన్నకి ఆ గతి పట్టనియ్యను. నువ్వు చదువుకున్నదానివి, నేను చూసినదాన్ని."

"దాన్నేమీ అనొద్దు," అని వెనకనుంచి వినబడింది. నాయన గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు. "నాకు తెలుసు పాపా. నేనే అడిగి తాగతా ఉండా. నొప్పికి భయపడినాను."

బండలాగుడు పోటీల్లో వేలమంది ముందు జంకని మనిషి, కూతురి ముందు ఆ మాట తలొంచుకుని చెప్పాడు. నా కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే ఆగిపోయింది. ముగ్గురం వంటింటి నేల మీద కూర్చున్నాం. రేడియేషన్ ఏం చేస్తుందో, రవ్వలేమిటో, జన్యువులు లేవడమేమిటో పిల్లలకు చెప్పినట్టు చెప్పాను. నాయన శ్రద్ధగా విన్నాడు.

"నువ్వు చూసింది పళ్లెంలోనా, మనిషిలోనా?" అని అడిగాడు.

"పళ్లెంలో."

"పళ్లేనికి నొప్పి లేదు గదా."

"లేదు. కానీ మనుషుల మీద కూడా ఒక పరీక్ష చేసి చూశారు నాయనా, ఇట్లాంటి గొంతు, తల క్యాన్సర్లు ఉన్నవాళ్ల మీదే. రేడియేషన్ జరుగుతుండగా విటమిన్లు మింగినవాళ్లకు బాధ తక్కువగా ఉంది. కానీ జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. నీకూ అట్లాగే అవుతుందని నేను రాసివ్వలేను. ఆపితే గడ్డ కరుగుతుందనీ చెప్పలేను. ఆపితే నొప్పి వస్తుందని మాత్రం చెప్పగలను."

"భలే బేరం," అన్నాడు నాయన. డబ్బాను నావైపు జరిపి, "ఆపుదాం," అన్నాడు.

డబ్బా కాలవలో పారేస్తానంటే అత్త ఒప్పుకోలేదు. కరెంటు అయిపోయినాక కోలుకోవడానికి కావాల్సొస్తుందని, నా మాట తప్పయితే అంతకుముందే కావాల్సొస్తుందని, బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాను. ముందే చెప్పాల్సిందని మందలించాడు. ఇకనైనా ఆపమన్నాడు. అంతకుమించి ఏ హామీ ఇవ్వలేదు.

తర్వాత జరిగింది తలుచుకోవడం నాకిష్టం లేదు, కానీ చెప్పాలి. కొన్నాళ్లకు నాయన నాలుక మీద తెల్లమచ్చలు లేచాయి. ఆ తర్వాత నోరంతా పచ్చిపుండయింది. అన్నం పోయి జావ, జావ పోయి మజ్జిగ, చివరికి మజ్జిగ కూడా చెంచాతో పోస్తే మింగడానికి ముందు మంచం పట్టెను గట్టిగా పట్టుకునేవాడు. మెడ చర్మం నల్లబడి ఊడింది. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోస్తామంటే వద్దని చేతులడ్డం పెట్టాడు. చొక్కా హేంగరుకు తగిలించినట్టు వేలాడుతోంది.

ఆయన మొదటిసారి నొప్పితో మూలిగిన రోజు నాకు సంతోషం వేసింది. హమ్మయ్య, మంట అంటుకుంది అనుకున్నాను. కన్నతండ్రి మూలుగుతుంటే సంతోషించిన కూతుర్ని నేను. ఆ సంతోషం ఒక పూట కూడా నిలవలేదు. అత్త నాతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, పక్క వేసేది, నా మొహం మాత్రం చూసేది కాదు. రాజమోహన్ మామ పోయిన గదిలోనే నాయన మంచం వేసి ఉంది, ఆవిడ దాంట్లోకి పోయిన ప్రతిసారీ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి ఊపిరి పీల్చుకునేది.

ఆ స్థితిలో డాక్టరు మళ్లీ గొట్టం వేసి చూశాడు.

"కొంచెం కదిలింది," అన్నాడు. "అంచులు కరుగుతున్నాయి."

"మాత్రలు ఆపినందుకేనా సార్?" అని అత్త అడిగింది. నేను అడగలేకపోయిన ప్రశ్న.

"చెప్పలేమమ్మా. కొన్ని గడ్డలు ఆలస్యంగా కరుగుతాయి. దేనివల్లయినా, ఇప్పుడు మధ్యలో ఆగకూడదు. మిగిలిన రోజులు ఒక్కటి కూడా తప్పొద్దు. తప్పితే ఇప్పటిదాకా పడిన బాధంతా వృథా."

ఆ మాట కారులో ముగ్గురికీ వినపడుతూనే ఉంది. షానవాజ్ కూడా ఆ రోజు పాటలు పెట్టలేదు.

రెండు రోజుల తర్వాత, పొద్దున కారు వచ్చి వాకిట్లో ఆగింది. నాయన మంచం దిగలేదు. లేపబోతే చెయ్యి విదిలించుకున్నాడు. గొంతులోంచి గాలి తప్ప మాట రావడం లేదు. నోటి దగ్గర చెవి పెడితే తెలిసింది.

"రాను."

బతిమాలాను. కోప్పడ్డాను. ఈ ఒక్కరోజు నాయనా అన్నాను, నిన్నా అదే అన్నాను. పెదవుల మీద రక్తం ఎండి ఉంది. ఆయన నావైపు చూడకుండా అత్తను రమ్మని సైగ చేసి, బీరువా చూపించాడు.

"ఒక్కటియ్యి. వస్తా."

అత్త బీరువా తీసింది. డబ్బా చేతిలోకి తీసుకుంది. మూత తియ్యలేదు, అట్లాగే నిలబడింది. బయట షానవాజ్ హారన్ కొట్టాడు, ఆలస్యమైతే ఆస్పత్రిలో మా వంతు ఇంకొకరికి పోతుంది. నాయన మంచం మీదినుంచి కిందికి జారి, నేలమీద కూర్చుని, రెండు చేతులతో అత్త కాళ్లు పట్టుకున్నాడు.

అన్న చెల్లెలి కాళ్లు పట్టుకోవడం మా ఇళ్లల్లో ఎవరూ చూడకూడని సంగతి. నేను చూశాను. నా చదువూ, నా పళ్లాలూ, ఆ పరీక్షలో తేలిన లెక్కలూ అన్నీ ఎటు పోయాయో పోయాయి.

"ఇచ్చెయ్యత్తా," అన్నాను. "ఒక్కదానితో ఏం కాదు. కారెక్కితే చాలు. ఇచ్చెయ్యి."

నేను అబద్ధం చెప్పలేదు. ఒక్క మాత్ర గడ్డను కాపాడదు, నొప్పినీ తగ్గించదు. కానీ రేపూ కాళ్లు పట్టుకుంటాడు. ఎల్లుండీ ఒక్కదానితో ఏం కాదు అంటాను. అది నాకు తెలుసు, తెలిసే అన్నాను.

అత్త ఇన్నాళ్ల తర్వాత నా మొహంలోకి సూటిగా చూసింది.

"నువ్వేనా చెప్పేది?"

ఆవిడ కాళ్లు విడిపించుకోలేదు. మెల్లగా వంగి తను కూడా నేలమీద, అన్న ఎదురుగా కూర్చుంది. డబ్బా ఒళ్లో పెట్టుకుంది.

"అన్నా, మీ బావ కూడా ఇట్టాగే పట్టుకున్నాడు నా కాళ్లు. ఈ గదిలోనే. ఆకలితో పోయినాడని అందరికీ చెప్పినా. నీకూ అదే చెప్పినా. కాదు. కరెంటు సగంలో ఉండంగా, ఇంక నెల్లూరు వద్దు రేణుకా, నన్ను వదిలెయ్యి అన్నాడు. నాకు తట్టుకోను చేతగాలా. సరేనన్నా. డాక్టర్లే పంపించేసినారని ఊరందరికీ చెప్పినా. పుండ్లు మానినాయి. కూర్చోని అన్నం తిన్నాడు. నవ్వినాడు గూడా. ఎంత మంచి పని చేసినానో అనుకున్నా నేను. ఆ తర్వాత గడ్డ లేచి గొంతు మూసేసినాది. అప్పుడు గదా ఆకలి."

నాయన చేతులు ఆవిడ పాదాల మీదే ఉన్నాయి. కళ్లు మాత్రం పైకెత్తాడు.

"నీ కూతురు చెప్పింది నాకు సగం అర్థం కాలా. అర్థమైన సగం నమ్మలా. ఈ మాత్రలు మంచివేనని ఇప్పటికీ నాకనిపిస్తా ఉండాది. అయినా ఇయ్యను. అడిగినాడని ఒకసారి ఇచ్చినా నేను. పట్టుకో, ఎంతసేపు పట్టుకుంటావో పట్టుకో. ఏడువు, నేనూ ఏడుస్తా. ఇయ్యను."

ఆవిడ ఏడుస్తోంది కూడా. తుడుచుకోకుండా, గొంతు పెంచకుండా, బియ్యంలో రాళ్లేరుతున్నంత నిదానంగా ఆ మాటలన్నీ చెప్పింది.

హారన్ మళ్లీ మోగింది. నాయన చేతులు వదిలాడు. తర్వాత చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి, ఆ ఊతతో పైకి లేచాడు. నేను పట్టుకోబోతే వద్దన్నట్టు తలూపి, గోడ పట్టుకుని వాకిట్లోకి నడిచాడు. షానవాజ్ పరిగెత్తుకొచ్చి కారు తలుపు తీశాడు.

నేను చెప్పులేసుకుని వెనకే బయల్దేరాను. అత్త గుమ్మంలో నాకు అడ్డం నిలబడింది.

"నువ్వు ఇంటికాడే ఉండు పాపా. ఈ మిగిలిన రోజులు నేను పోతా. నీకు చదువుండాది గానీ, దారిలో అడిగితే నువ్వు ఇచ్చేస్తావు."

కోపంతో అన్న మాట కాదు. అందుకే చెప్పులు విడిచేశాను. నా తల నిమిరి, మాత్రల డబ్బాను కొంగులో ముడేసుకుని, నా దగ్గర ఉంచకుండా తనతోనే తీసుకుని కారెక్కింది.